పదకొండు సెకన్లు

త్రియెస్తె ఆసుపత్రి కింది అంతస్తులో
కిటికీ లేని గది ఆమెది.
కిటికీతో ఆమెకేం పనిలే అనుకున్నారు కట్టినవాళ్ళు.
ఎండ ఎటునుంచి వస్తోందో
చెంపకి తెలుస్తుందని వాళ్ళకెవరు చెప్పాలి?

ఒండీనా. ముప్పై ఒక్క ఏళ్ళుగా స్విచ్‌బోర్డు.
ఆ దేశంలో ఒక పాత చట్టం ఉంది,
ఫోన్లు కలిపే కుర్చీల్లో కొన్ని చూపులేనివాళ్ళవని.
చట్టం కుర్చీని కాపాడింది.
కుర్చీ ముందున్న బోర్డు సంగతి ఎవరికీ తోచలేదు.

ఆ బోర్డు తీసేయడానికి వెళ్ళినవాణ్ణి నేను.
మర్యాదగా చెప్పాలంటే, మాటలు నేర్పేవాణ్ణి.
మూడు వారాలు ఆమె పక్కన కూర్చుని
ఆమె విన్నదంతా రికార్డు చేసి
రాత్రిళ్ళు యంత్రానికి తినిపించాలి.

మొదటిరోజు పేరు చెప్పబోయాను.
నా పేరులో మొదటి అక్షరం నాకు గోడ.
త... త...
చాలామంది గోడ అవతలినుంచి
జాలిపడి ఏదో ఒక పేరు విసిరేస్తారు:
తొమ్మాజోనా? తుల్లియోనా?
ఆమె కాఫీ కలుపుకుంటూ ఉండిపోయింది.
తార్చీజియో, అన్నాను చివరికి.
"తొందరేముంది, ఫోను మోగలేదుగా," అంది.

మోగింది. అవతల ఎవరూ మాట్లాడలేదు.
నేనైతే పెట్టేసేవాణ్ణి.
ఆమె తల కొంచెం వంచి వింది.
"కుళాయి కారుతోంది. ముసలాయన. నిన్నా చేశాడు,"
నాకు గుసగుసగా చెప్పి, ఫోన్లోకి:
"చెప్పండి, ఇక్కడే ఉన్నాను."
ఇంకాస్త కుళాయి.
తర్వాత ఒక భార్య పేరు, ఒక వార్డు నంబరు.

నా తెరమీద ఆ కాల్ మొదలంతా ఒక చదును గీత.
అలాంటివాటికి యంత్రం నాలుగు సెకన్లిస్తుంది,
ఆపైన క్షమాపణ చెప్పి పెట్టేస్తుంది.

ఆమెకి యంత్రాలంటే పగేం లేదు.
జేబులో ఫోను మేజోళ్ళ రంగు చెబుతుంది,
పాల డబ్బామీద తేదీ చదువుతుంది.
"ఇది రాకముందు నా ఉత్తరాలన్నీ
నాకంటే ముందు పక్కింటావిడకి తెలిసేవి," నవ్వింది.
బదిలీ ఉత్తరమూ అదే చదివిపెట్టింది,
పాల తేదీ చదివిన గొంతుతోనే,
కామాల దగ్గర బుద్ధిగా ఆగుతూ.
నాలుగో అంతస్తు. రికార్డుల విభాగం. జీతం అంతే.
పని: తరువాత తెలియజేయబడును.

ఆ తరువాత ఇంకా రాలేదు.
ఎనిమిదింటికి వెళ్తుంది, కూర్చుంటుంది, రెండింటికి వస్తుంది.
"కుర్చీ మంచిది," అంటుంది.
"చేతులు ఆనించుకోడానికి చోటుంది. చేతులకే ఏమీ లేదు."

స్విచ్‌బోర్డు గదిలో ఆఖరిరోజు అడిగింది:
"ఆ నాలుగు ఎవరు పెట్టారు?"
ఎవరూ పెట్టలేదు, అలాగే వచ్చింది, అన్నాను.
"పదకొండు చెయ్యి.
నీ పేరుకి నీకు తొమ్మిది పడుతుంది, లెక్కపెట్టాను.
ఏడుపు ఆపుకునేవాళ్ళకి ఇంకో రెండు."

చేశాను. ఎవర్నీ అడగలేదు.

ఫిబ్రవరిలో బోరా గాలి దిగింది.
పూర్వం ఆ గాలికి మలుపుల్లో తాళ్ళు కట్టేవారట,
ఆ వారం మళ్ళీ కట్టారు.
కోటు కాలర్లలో తలలు దాచుకుని
బ్యాంకు మేనేజర్లు, నర్సులు, చేపలమ్మే ఆవిడ,
నా పైఅధికారితో సహా
తాడు తడుముకుంటూ అడుగులో అడుగు.
ఒండీనా తెల్లకర్ర మడిచి సంచిలో పెట్టింది.
"ఇవాళ ఊరంతా నా ఊరే."

ఆ సాయంత్రం ఆసుపత్రికి ఫోను చేశాను.
పనేమీ లేదు.
కొత్త గొంతు పేరడిగింది.
త...
గోడ.
ఇంట్లో కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది.
ఐదు. ఆరు.
అది ఆగింది. నిజంగానే ఆగింది,
ఒక్క పేరైనా నామీదికి విసరకుండా.

తొమ్మిది దగ్గర నా పేరు బయటికొచ్చింది.

ఆ పదకొండు సెకన్లకీ
ఎవరి పేరుమీదా జీతం లేదు.